ఇంజిన్ బలం పెంచే ముందు గేర్‌బాక్స్‌ను అడగాలి

దీపావళి వచ్చిందంటే సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు తాళాలు పడతాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు ఆగుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి ఏళ్ల కిందట వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామంది ఊరిబాట పడతారు. నాలుగు డబ్బులు వెనకేసి సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండి కొనుక్కున్నవారు రోడ్డు మార్గంలోనే బయలుదేరుతారు. లోపల ఏడుగురు, పైన సామాను. ధూలే వెళ్లే దారిలో కొండాయిబారి ఘాట్ ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ బండి అసలు సంగతి బయటపడుతుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించినట్లు ఉంటుంది.

తిరిగొచ్చాక ఇలాంటి బండి యజమానికి సాధారణంగా రెండు సలహాలు అందుతాయి. ఒకటి, ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్పించడం. దీన్నే రీమ్యాప్ అనీ, ట్యూనింగ్ అనీ అంటారు. ల్యాప్‌టాప్ తగిలిస్తే కొద్ది గంటల్లో పని పూర్తవుతుంది. రెండోది, గేర్‌బాక్స్ విప్పి అందులో షిఫ్ట్ కిట్ వేయించడం. ఇది మెకానిక్ చేతికి నూనె అంటే పని, పేరు కూడా చాలామంది విని ఉండరు. రెండూ ఒకేసారి చేయించుకునే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ఏది ముందు అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కువమంది ల్యాప్‌టాప్ వైపే మొగ్గుతారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

మరమగ్గం తెలిసినవారికి దీన్ని వివరించడం తేలిక. సాంచెకు మోటారు వైపు పెద్ద పుల్లీ వేస్తే నిమిషానికి పడే పేక పోగుల సంఖ్య పెరుగుతుంది. కానీ పడుగు ఆ లాగుడుకు తట్టుకోకపోతే పోగులు తెగుతాయి, సాంచె ఆగుతుంది, సాయంత్రానికి లెక్క చూస్తే మునుపటికంటే తక్కువ గుడ్డే దిగుతుంది. బండిలో ఇంజిన్ మోటారు లాంటిది, గేర్‌బాక్స్ పడుగు లాంటిది.

రీమ్యాప్‌లో జరిగేది ఇది. డీజిల్ ఇంజిన్ ఎంత ఇంధనాన్ని, ఎంత పీడనంతో, ఏ క్షణంలో చిమ్మాలి, టర్బో ఎంత గాలిని తొయ్యాలి అన్న అంకెల పట్టికలు ఇంజిన్ కంప్యూటర్‌లో ఉంటాయి. ట్యూనర్ ఆ అంకెలను పెంచుతాడు. ఫలితంగా ఇంజిన్ తిప్పే బలం, అంటే టార్క్, గణనీయంగా పెరుగుతుంది. కంపెనీ ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టిన శక్తిని బయటికి తీస్తున్నామని చెప్పుకోవడం ఈ వ్యాపారంలో మామూలు. ఆ మాటలో సగమే నిజం. కంపెనీ కొంత మిగులు ఉంచిన మాట వాస్తవమే. కానీ ఆ మిగులు ఉన్నది కల్తీ ఇంధనం కోసం, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కోసం, లక్ష కిలోమీటర్ల తర్వాత అరిగిన భాగాల కోసం, ఎండ కోసం. 40 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత 15 డిగ్రీల గాలితో పోలిస్తే సుమారు 8 శాతం తక్కువ. అంటే చల్లని దేశంలో సులువుగా చేసే పనికి మన వేసవిలో టర్బో మరింత గట్టిగా తిరగాలి. చల్లని వాతావరణంలో తయారైన ట్యూనింగ్ ఫైలును యథాతథంగా సూరత్ బండిలో ఎక్కించడం ఈ లెక్కను మరిచిపోవడమే.

షిఫ్ట్ కిట్ పని వేరు. టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేర్లను మార్చేది నూనె పీడనం. వాల్వ్ బాడీ అనే లోహపు దిమ్మెలో సన్నని దారులు, స్ప్రింగులు, కవాటాలు ఉంటాయి. ఒక క్లచ్ పట్టు వదులుతుండగా మరో క్లచ్ పట్టు బిగిస్తుంది. ఈ మార్పిడి మెత్తగా జరిగితే కూర్చున్నవారికి కుదుపు తెలియదు కాబట్టి, కంపెనీలు దాన్ని కొంత నెమ్మదిగానే ఉంచుతాయి. ఆ నెమ్మదితనంలో క్లచ్ పలకలు ఒకదానిపై ఒకటి జారుతూ వేడెక్కుతాయి. షిఫ్ట్ కిట్‌లో వేరే స్ప్రింగులు, కొలతలు మార్చిన రంధ్రాల పలక, కొన్ని కవాటాలు వస్తాయి. పీడనం పెరుగుతుంది, పట్టు త్వరగా బిగుస్తుంది. ఇంజిన్‌కు ఒక్క హార్స్‌పవర్ కూడా కలవదు. వేడిగా వృథా అయ్యేది తగ్గుతుంది, అంతే.

ఎంత తగ్గుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. క్లచ్ మీద 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఉందనుకుందాం. గేరు మారడం మొదలైనప్పుడు పలకల మధ్య వేగం తేడా సెకనుకు 150 రేడియన్లు, అంటే నిమిషానికి 1,400కు పైగా చుట్లు. అది సున్నాకు దిగడానికి 0.6 సెకను పడితే, సగటు తేడా 75 రేడియన్ల చొప్పున 13,500 జౌళ్ల వేడి పుడుతుంది. రీమ్యాప్‌తో టార్క్ 30 శాతం పెరిగి 390 అయితే అదే గేరు మార్పుకు 17,550 జౌళ్లు. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే పాత పీడనంతో అంత బలాన్ని పట్టి ఆపడానికి క్లచ్‌కు ఎక్కువ సమయం పడుతుంది. అదే 390 న్యూటన్ మీటర్లతో మార్పిడి సమయం 0.4 సెకనుకు తగ్గితే వేడి 11,700 జౌళ్లు మాత్రమే. బలం పెరిగినా మొదటికంటే తక్కువ. తిరిగే భాగాల జడత్వం లాంటివి వదిలేసిన మోటు లెక్క ఇది. అయినా దిశ మాత్రం సరైనదే: రీమ్యాప్ ఒక్కటే చేయిస్తే గేర్‌బాక్స్‌కు భారం పెరుగుతుంది, షిఫ్ట్ కిట్ ఒక్కటే వేయిస్తే ఇంజిన్‌కు ఏమీ కాదు. కుదుపు ఎక్కువై ఇంజిన్ మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు త్వరగా అరిగే మాట నిజం. కానీ ఆ ఖర్చు గేర్‌బాక్స్ ఖర్చుతో పోల్చదగింది కాదు.

గేర్‌బాక్స్‌ను అడగకుండా ఇంజిన్ బలం నిర్ణయించకూడదని వాహన కంపెనీలకు బాగా తెలుసు. 2021లో మార్కెట్లోకి వచ్చిన టొయోటా ఫార్చ్యూనర్‌నే చూడండి. 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఒకటే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో అది 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, మాన్యువల్‌తో 420 మాత్రమే. ఇంజిన్ సత్తా మారలేదు, దాని వెనక ఉన్న గేర్‌బాక్స్ మారింది. ఫోక్స్‌వాగన్ టైగన్, స్కోడా కుషాక్‌లలోని 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ 250 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతుంది. దానికి జతచేసిన ఏడు గేర్ల పొడి క్లచ్‌ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ గరిష్ఠ పరిమితి కూడా సరిగ్గా 250. అక్కడ ట్యూనింగ్‌తో పెంచే ప్రతి న్యూటన్ మీటరూ గేర్‌బాక్స్ హద్దు దాటి వేసే అడుగే.

కొత్త బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ కంప్యూటరూ గేర్‌బాక్స్ కంప్యూటరూ నిరంతరం మాట్లాడుకుంటాయి. ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తున్నానని మొదటిది చెబితే, దానికి తగిన నూనె పీడనాన్ని రెండోది సిద్ధం చేస్తుంది. అరకొర రీమ్యాప్‌లో ఇంజిన్ అసలు టార్క్ 390 ఉన్నా 300 అనే చెబుతుంది. గేర్‌బాక్స్ ఆ మాట నమ్మి 300కు సరిపడా పట్టే బిగిస్తుంది. క్లచ్ జారుతుంది, నూనె నల్లబడుతుంది, కాలిన వాసన వస్తుంది. యజమాని గేర్‌బాక్స్ నాణ్యతను తిట్టుకుంటాడు.

షిఫ్ట్ కిట్‌ను సర్వరోగ నివారిణిగా చెప్పడం కూడా సరికాదు. మన దేశంలో అది పనికొచ్చే బండ్లు తక్కువ. 2014లో మారుతి సెలేరియోతో మొదలై చౌక కార్లలో వ్యాపించిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనిని ఒక యంత్రం చేస్తుంది. అందులో ఆ రకం వాల్వ్ బాడీ ఉండదు. బెల్టుతో నడిచే సీవీటీలో మార్చడానికి మెట్టుమెట్టుగా గేర్లే ఉండవు. షిఫ్ట్ కిట్ అమెరికాలో పాత హైడ్రాలిక్ ఆటోమేటిక్‌ల చుట్టూ పెరిగిన విద్య. కొత్త ఆరు, ఎనిమిది గేర్ల పెట్టెల్లో పీడనాన్ని ఎక్కువగా ఎలక్ట్రానిక్ సోలెనాయిడ్లే నియంత్రిస్తాయి కాబట్టి అక్కడ గేర్‌బాక్స్ ప్రోగ్రామును మార్చడమే షిఫ్ట్ కిట్‌కు సమానమైన పని. ఘాట్‌లో జారుతున్న పాత బండికి చాలాసార్లు ఈ రెండూ కాదు, సమయానికి మార్చని నూనె, మురికిపట్టిన కూలర్ అసలు కారణం. నూనె ఆక్సీకరణ వేగం ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలోని పాత మోటు లెక్క. గ్యారేజీలు ఎక్కువ అమ్మాల్సింది ఆ నూనె మార్పిడినే. అందులో మోజు లేదు కాబట్టి ఎవరూ దాని గురించి గొప్పగా చెప్పుకోరు.

ఇంతవరకు చెప్పినది యజమాని జేబుకు సంబంధించింది. రీమ్యాప్‌కూ షిఫ్ట్ కిట్‌కూ మధ్య అసలు తేడా వేరే చోట ఉంది. షిఫ్ట్ కిట్ చెడితే నష్టపోయేది బండి యజమాని ఒక్కడే. ఇంజిన్ ప్రోగ్రాము చెడితే దాని ఫలితం పొగగొట్టం నుంచి బయటికి వస్తుంది, వెనక స్కూటర్ మీద వస్తున్నవారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఎక్కువ ఇంధనం చిమ్మితే మసి పెరుగుతుంది. మండే వేడి పెరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కవాటాన్ని, మసిని పట్టే డీపీఎఫ్ వడపోతను సాఫ్ట్‌వేర్‌లో ‘ఆఫ్’ చేసే ట్యూనింగులు కూడా ఉన్నాయి. కొన్ని వరుసల ప్రోగ్రాము ఎంత పొగ దాచగలదో 2015లో ఫోక్స్‌వాగన్ ఉదంతం ప్రపంచానికి చూపించింది. సుమారు 1.1 కోట్ల బండ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు అమెరికా పరిమితికి 40 రెట్ల దాకా ఉన్నాయని అక్కడి పర్యావరణ సంస్థ చెప్పింది. అది కంపెనీ చేసిన మోసం. యజమానులే చేయించుకునే మార్పుల సంగతీ ఆ సంస్థ 2020లో లెక్కగట్టింది: పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో కాలుష్య నియంత్రణ పరికరాలను తీసేశారు.

మన చట్టం ఈ తేడాను పట్టించుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. కానీ ఆ సెక్షన్ ‘మార్పు’ను బండి నిర్మాణంలో మార్పుగా వివరిస్తుంది. కంటికి కనిపించని అంకెల పట్టిక అందులోకి వస్తుందా అన్నది వాదనకు తావిచ్చే విషయం. వెడల్పు టైరు వేసినవాడు దొరికిపోతాడు, నల్లపొగ ప్రోగ్రాము ఎక్కించినవాడు దొరకడు.

పీయూసీ పరీక్ష పట్టుకుంటుందా అంటే, అదీ లేదు. పెట్రోలు బండిని ఆగి ఉన్నచోటే నడిపి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి పొగ చిక్కదనం చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. భారం మోస్తూ ఘాట్ ఎక్కే ఇంజిన్ ఏం వదులుతుందో ఆ పరీక్షకు తెలిసే మార్గమే లేదు.

ఈ విషయంలో సూరత్ మిగతా దేశానికి దారి చూపగల ఊరు. 2019లో అక్కడి ఫ్యాక్టరీల పొగగొట్టాలకు నిరంతర కొలత యంత్రాలు బిగించి, ధూళికణాల విడుదలకు పర్మిట్ల క్రయవిక్రయ పథకాన్ని గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ప్రారంభించింది. ధూళికణాలపై ప్రపంచంలోనే అది మొదటిది. అందులో చేరినవాటిలో ఎక్కువ బట్టల మిల్లులే. పథకం పరిధిలోని ఫ్యాక్టరీల కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. కొలవడం మొదలుపెట్టాకే అది సాధ్యమైంది.

బండికీ అలాంటి కొలత ఉంది. ఇంజిన్ కంప్యూటర్ తనలోని ప్రోగ్రాము గుర్తింపు సంఖ్యను, ఆ ప్రోగ్రాము మారలేదని తెలిపే తనిఖీ సంఖ్యను అడిగితే చెప్పగలదు. కాలిఫోర్నియా 2021 జూలై నుంచి స్మాగ్ పరీక్షలో ఈ సంఖ్యలను చదువుతోంది. కంపెనీ ఆమోదించిన, లేదా ప్రభుత్వం పరీక్షించి అనుమతి సంఖ్య ఇచ్చిన ప్రోగ్రాము ఉంటే బండి పాసవుతుంది, లేకపోతే పాత ప్రోగ్రాము ఎక్కించుకుని రావాలి. ట్యూనింగ్‌ను పూర్తిగా నిషేధించకుండా పొగను లెక్కలో ఉంచే పద్ధతి ఇది. మన దేశంలోనూ ఇందుకు పూర్వరంగం లేకపోలేదు. సీఎన్‌జీ కిట్ వేయించడం ఇంధనంతోపాటు ఇంజిన్ నియంత్రణను కూడా మార్చే పనే. పరీక్షించి ఆమోదించిన కిట్ అయితే దాన్ని ఆర్సీలో నమోదు చేస్తారు. రీమ్యాప్‌లకు అదే దారి తెరవడానికి కొత్త శాస్త్రం ఏదీ అక్కర్లేదు.

ఆ దారి తెరిచేవరకు, ఘాట్‌లో బండి జారుతున్నవారు ముందు గేర్‌బాక్స్ నూనె రంగు, వాసన, కూలర్ చూపించుకోవాలి. తర్వాత ఆ గేర్‌బాక్స్ ఎంత టార్క్‌కు తయారైందో, ఇప్పుడు ఇంజిన్ ఎంత ఇస్తోందో కనుక్కోవాలి. మిగులు లేకపోతే రీమ్యాప్ మాట అక్కడితో వదిలేయాలి. మిగులు ఉండి, బండి పాత హైడ్రాలిక్ రకమైతే డబ్బు ముందు వెళ్లాల్సింది వాల్వ్ బాడీ వైపు. రీమ్యాప్ చేస్తామనేవారిని అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి: గేర్‌బాక్స్‌కు చెప్పే టార్క్ అంకెను కూడా సరిచేస్తున్నారా, చేసిన తర్వాత భారం మీద పొగను కొలిచి చూపిస్తారా. రెండో ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రం చాలా గ్యారేజీల్లో ఉండదు. స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌లోకి ఇప్పటికి ట్యూనర్ వైరు మాత్రమే వెళుతోంది. పీయూసీ కేంద్రం వైరు కూడా అందులోకి వెళ్లేలా నిబంధన మార్చాల్సింది కేంద్ర రవాణా శాఖ.