ఎకరానికి ఎన్ని వేశావని కాదు, మొప్ప ఏ రంగులో ఉందని అడగండి



మళ్ళీ పిల్ల వేసే రోజులొచ్చాయి. గట్టు మీద ఎవరు కలిసినా "ఎకరానికి ఎన్ని వేస్తున్నావ్ బాబాయ్?" అనే అడుగుతున్నారు. ఎక్కువ వేసినోడు మొనగాడు అన్నట్టుంది మన కొల్లేరు చుట్టుపక్కల.

3 ఏళ్ళ క్రితం నేనూ అలాగే అనుకున్నాను. మాది 2 ఎకరాల కౌలు చెరువు. ఎప్పుడూ ఎకరానికి 2,000 శీలావతి, 200 బొచ్చె వేసేవాణ్ణి. ఆ ఏడు కౌలు పెరిగింది, తవుడు రేటు పెరిగింది. నాలుగు పిల్లలు ఎక్కువేస్తే కలిసొస్తుందని శీలావతి 3,500 దాకా వేశాను. ఏరేటర్ లేదు. కొన్ని నెలలు బాగానే ఉంది. తర్వాత తెల్లారుజామున చేప తల తేలెయ్యడం, మేత వదిలెయ్యడం, పేను, ఎర్రమచ్చలు. మందుల కొట్టు చుట్టూ తిరగడమే పనైంది. చివరికి బతికున్న చేపల్ని పరీక్షకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు తోక దగ్గర సూది పెట్టి రక్తం తీశాడు. నీళ్ళలా పల్చగా ఉంది. "చెరువులో చేప ఎక్కువైందండి, మందుతో తగ్గేది కాదిది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. చేప ఎక్కువైతే మేత ఎక్కువ, పెంట ఎక్కువ, అమ్మోనియా ఎక్కువ. ఆక్సిజన్ మాత్రం తక్కువ. ఊపిరాడక చేప ముందు దాచుకున్న ఎర్రకణాల్ని రక్తంలోకి వదులుతుంది, అందుకే మొదట్లో మనకి తేడా తెలీదు. ఇరుకులో నెలల తరబడి ఉంటే ఆ రక్తమే పల్చబడుతుంది. కంగారుకి రక్తంలో చక్కెర పెరుగుతుంది, రోగాన్ని ఎదిరించే తెల్లకణాలు దెబ్బతింటాయి. ఇంక పేనుకీ, సూక్ష్మక్రిములకీ తలుపు తీసినట్టే. అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ రక్తంలో కలిస్తే, నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా రక్తం మొయ్యలేదు. ఉప్పు చల్లితే నైట్రైట్ లోపలికి పోవడం తగ్గుతుంది గానీ, చెరువులో చేప తగ్గదు కదా.

దీనికి ల్యాబే అక్కర్లేదు. విసురు వలతో నాలుగు చేపలు పట్టి, బతికుండగానే మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రగా మెరుస్తుంటే బాగున్నట్టు. పాలిపోతే రక్తం తగ్గినట్టు. చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్ అని అనుమానించి వెంటనే నీటి పరీక్ష చేయించండి.

"కౌలు కట్టాలంటే ఎక్కువ వెయ్యక తప్పదు" అంటారు. నేనూ అదే అన్నాను. కానీ కాటా మీద పెట్టేది పిల్లల లెక్క కాదు, బరువు. ఆ ఏడు పట్టుబడికి చేప ముప్పావు కేజీ కూడా రాలేదు, రేటూ పడింది. మర్నాటి ఏడు మళ్ళీ 2,000కి దిగాను. సైజు వచ్చింది, మందుల ఖర్చు సగానికి పైగా తగ్గింది.

అందరూ 2,000 వెయ్యమని చెప్పట్లేదు. లోతు, ఏరేటర్లు, నీరు మార్చే వీలు ఉన్నవాళ్ళ లెక్క వేరు. ఫంగస్ చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, దాన్ని చూసి శీలావతిని కిక్కిరించొద్దు.

పక్కోడి చెరువు చూసి పిల్ల వెయ్యకండి. మీ నీటికి ఎంత సత్తువ ఉందో అంతే వెయ్యండి. ఈసారి వల వేసినప్పుడు మొప్ప ఏ రంగులో ఉందో కింద రాయండి, నలుగురికీ పనికొస్తుంది.