జీతం కొండ దిగితే... మిగిలేదెంత?

హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడున్న ప్రతి ఇంట్లోనూ అనంతగిరి కొండల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ పంచాయితీ తప్పదు. గాజువాక ఆటోనగర్‌లోనో, విశాఖ పోర్టు దగ్గరో లారీ ఉద్యోగం ఉందని కబురొస్తుంది. ఊళ్లో జీపు తోలితే వచ్చేదానికన్నా జీతం బాగా ఎక్కువ. 'వెళ్లరా' అంటాడు తండ్రి. 'రోజూ ఇంటికి వస్తావా?' అంటుంది భార్య. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తేల్చాల్సింది మాటలతో కాదు, లెక్కతో.

ఈ అవకాశం కొండకుర్రాళ్లకు దగ్గరైంది ఈమధ్యనే. రవాణా వాహనం తోలాలంటే ఒకప్పుడు ఎనిమిదో తరగతి తప్పనిసరి. 2019లో కేంద్రం ఆ నిబంధన ఎత్తేసింది. ఇరవై ఏళ్లు నిండి, తేలికపాటి వాహనం లైసెన్సు తీసుకుని ఏడాదైతే చాలు, హెవీకి దారి తెరుచుకుంటుంది. చదువు మధ్యలో ఆగిపోయినవాడికి ఇది చిన్న సంగతేం కాదు.

చిక్కంతా దూరంతోనే. అనంతగిరి నుంచి విశాఖ ఎనభై కిలోమీటర్లకు పైమాటే. మైదానంలో అయితే అదొక లెక్క కాదు. ఇక్కడ శృంగవరపుకోట దాకా ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకూ గేరు మార్చాలి. శీతాకాలంలో తెల్లారుజామున పొగమంచు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ దారిలోనే. అందుకే కొండవాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో చెబుతారు. మోటారు సైకిల్ మీద గాజువాక చేరాలంటే దాదాపు మూడు గంటలు.

రైలుందిగా అంటారు కొందరు. కొత్తవలస-కిరండూల్ మార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. కిరండూల్ పాసింజరు పొద్దున్నే విశాఖలో బయల్దేరి కొండెక్కుతుంది, మధ్యాహ్నం దాటాక దిగుతుంది. అరకు చూడవచ్చేవాళ్లకు అది బంగారంలాంటి వేళ. పొద్దున కొండ దిగి సాయంత్రం ఎక్కాల్సిన కూలివాడికి సరిగ్గా తిరగబడిన వేళ.

ఇక డబ్బు లెక్క. ఊళ్లో పద్నాలుగు వేలు, పోర్టు దగ్గర ఇరవై నాలుగు వేలు అనుకుందాం. తేడా పది వేలు. రోజూ రానూపోనూ నూట డెబ్భై కిలోమీటర్లు. లీటరుకు నలభై అయిదు ఇచ్చే బండికి నాలుగు లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. లీటరు నూట పది చొప్పున రోజుకు నాలుగు వందల పైన. ఇరవై ఆరు రోజులకు పది వేలు దాటిపోయింది! టైర్లు, బ్రేకులు, సర్వీసింగు ఇంకా లెక్కలోకే రాలేదు. అంటే పెరిగిన జీతమంతా పెట్రోలు బంకుకే. ఇంటికి చేరింది సున్నా.

నిద్ర లెక్క ఇంతకన్నా కఠినం. పొద్దున ఆరున్నరకు డ్యూటీ ఎక్కాలంటే మూడు గంటలకే లేవాలి. పది గంటల పని ముగించి నాలుగున్నరకు బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. అదీ అన్నీ సవ్యంగా జరిగిన రోజున. గేటు దగ్గర లారీల వరస కదలకపోయినా, లోడు ఆలస్యమైనా రెండు గంటలు ఇట్టే పోతాయి. అప్పుడు రాత్రి ఎనిమిదింటికి అతను ఘాట్ కిందనే ఉంటాడు. లేచి అప్పటికి పదిహేడు గంటలు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన చట్టం డ్రైవరుకు ఒప్పుకునేది 0.03 శాతమే. చుక్క ముట్టకుండానే తాగినవాడిలా ఘాట్ ఎక్కడమన్నమాట!

ఇందులో చట్టం కాపాడేదీ కొంతవరకే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, రెండు డ్యూటీల మధ్య కనీసం తొమ్మిది గంటల విశ్రాంతి అని రాసింది. 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక స్మృతిలోనూ ఎనిమిది గంటల నియమం ఉంది. అయితే ఇంటి నుంచి పనికి వచ్చే మూడు గంటలు ఎవరి లెక్కలోకీ రావు. యజమాని దృష్టిలో అది విశ్రాంతి. డ్రైవరుకు మాత్రం అదీ డ్రైవింగే.

మరైతే ఉద్యోగం వదులుకోవాలా? అక్కర్లేదు. దూరాన్ని తగ్గించలేం. ఎన్నిసార్లు తిరగాలన్నది మన చేతిలో ఉంది. నలుగురితో కలిసి గాజువాకలో గది తీసుకుని వారానికోసారి వస్తే పెట్రోలు పదహారు వందలు, గది వాటా రెండు వేలు, బయటి తిండికి అదనంగా మూడు వేలు... నెలకు మూడు వేల పైచిలుకు మిగులుతుంది. దూరప్రాంతాల లోడుకు వెళ్లి పది పదిహేను రోజులకోసారి వచ్చేవాడికి ఇంకా మిగలొచ్చు. నిద్ర క్యాబిన్‌లో, తిండి బత్తాలో. కాకపోతే బిడ్డ మొదటి అడుగులు ఫోనులో చూసుకోవాలి.

కాఫీ తోటున్న ఇంటికి ఇంకో ఖర్చు. నవంబరు నుంచి పండు ఎర్రబడుతుంది. ఎర్రబడిన పండు సెలవు దొరికేదాకా ఆగదు. ఇంటి మగవాడు లేకపోతే ఆ బరువంతా ఇల్లాలి మీద పడుతుంది, లేదా కూలికి పోతుంది. పోర్టు జీతంలోంచి ఆ కూలినీ తీసేశాకే మిగిలింది చూడాలి.

ఊరి చుట్టుపక్కల దారినీ తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 7,500 కిలోల లోపు సరకు వాహనాన్ని తేలికపాటి లైసెన్సుతోనే తోలవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కూరగాయలు, కాఫీ, మిరియాలు ఎస్.కోట వైపు దించే చిన్న బండి పని జీతంలో తక్కువే. కానీ రాత్రికి ఇల్లు.

ఒప్పుకునే ముందు యజమానిని నాలుగు మాటలు సూటిగా అడగాలి. గేటు దగ్గర ఎదురుచూసే గంటలకు డబ్బు ఇస్తారా? రాత్రి ఆలస్యమైతే పడుకోడానికి యార్డులో చోటుందా? పీఎఫ్, బీమా ఉన్నాయా? వారం సెలవు ఖాయమా, లోడును బట్టా? జవాబు నీళ్లు నమిలినట్టుంటే జీతం అంకె ఎంత పెద్దదైనా అనుమానించాల్సిందే. జవాబు బాగుంటే ఒక్క నెల వెళ్లి చూడాలి, ఊళ్లో పని తెంచుకోకుండా.

నెలాఖరున భార్యాభర్తలిద్దరూ కూర్చుని రెండే అంకెలు రాసుకోవాలి. ఇంటికి చేరిన డబ్బెంత? అతను కంటినిండా నిద్రపోయిన రాత్రులెన్ని? మొదటి అంకె పెరిగి రెండోది తరిగిపోతుంటే ఆ ఉద్యోగం అప్పు తెస్తున్నట్టే. ఆ అప్పు ఏ మలుపులో తీర్చాల్సి వస్తుందో ఘాట్ రోడ్డు ముందుగా చెప్పదు.