అపూ నోరూ, మన నోరూ

అమెరికాలో ఒక బొమ్మల సీరియల్ ఉంది. పేరు సింప్సన్స్. 1989 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఓ తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు, వాళ్ళ ఊరు, ఆ ఊళ్ళో బడి, చర్చి, కొట్లు. అంతా నవ్వులాట. ఆ ఊళ్ళో కొట్టు నడిపేవాడు మన దేశం మనిషి. పేరు అపూ. 1990లో తెరమీదకొచ్చాడు. ఎవరికీ నోరు తిరగని ఇంటిపేరొకటి తగిలించారు, అదీ నవ్వడానికే. పెద్ద చదువులు చదివినవాడే గానీ పాడైపోయిన సరుకు అమ్ముతూ, యాస సాగదీసి "మళ్ళీ రండి" అంటుంటాడు.

మొవ్వలోనూ దివిసీమ లంకల్లోనూ ఉండే మనకి ఇదెందుకు అంటారా? కాస్త ఓపిక పట్టండి.

ఆ యాస పలికింది మనవాడు కాదు. హాంక్ అజారియా అనే తెల్లాయన. 1998లో ఆ గొంతుకే ఎమ్మీ బహుమతి కూడా ఇచ్చారు. అక్కడి బళ్ళల్లో మనదేశపు పిల్లల్ని తోటిపిల్లలు "అపూ, అపూ" అని ఏడిపించారు. అలా పెరిగినవాళ్ళలో ఒక తెలుగింటి కుర్రాడున్నాడు, హరి కొండబోలు. 1982లో న్యూయార్కులో పుట్టాడు, తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. పెద్దయ్యాక నవ్వించడమే పనిగా పెట్టుకున్నాడు. మా నాన్నని వెక్కిరించే తెల్లవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరించినట్టుంది ఆ గొంతు, అని 2012లో టీవీలోనే అనేశాడు. 2017 నవంబరులో 'ద ప్రాబ్లెమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీశాడు. మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని ఆడించిన తెల్లవాళ్ళ నాటకాలకీ దీనికీ ఉన్న చుట్టరికం అందులో చెప్పించాడు.

దానికి సీరియల్ వాళ్ళ జవాబేంటో వినండి. 2018 ఏప్రిల్ 8న ఒక భాగం వేశారు. అందులో తల్లి తను చిన్నప్పుడు చదివిన పుస్తకం తీసి కూతురికి చదవబోతుంది. నిండా జాతుల వెక్కిరింతలే. అవన్నీ తీసేసి తిరగరాస్తే కథలో పస లేకుండా పోతుంది. అప్పుడు కూతురు లీసా మనవైపు తిరిగి, ఎప్పుడో మొదలైంది, అప్పుడంతా చప్పట్లు కొట్టారు, ఎవరికీ తప్పనిపించలేదు, ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అంటుంది. పక్కనే అపూ బొమ్మ. ఆ సీరియల్లో న్యాయం కోసం నోరెత్తే పిల్ల లీసాయే. ఆ పిల్ల నోటితోనే ఆ మాట అనిపించారు! తమ మీద వచ్చిన ఫిర్యాదుని, ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు నిలబడాల్సిన మనిషి చేత కొట్టేయించడం. ఈ తెలివి మన ఊళ్ళ పెద్దలకి కొత్త కాదు. మన పేటవాడినే ఒకణ్ణి పట్టుకొచ్చి "వీడికి లేని బాధ మీకేంటిరా" అనిపించరూ?

2020 జనవరిలో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. 2021లో క్షమాపణ కూడా చెప్పాడు, అది మెచ్చుకోవలసిందే. కానీ అపూ ఏమయ్యాడు? నోరు లేకుండా వెనక వరసలో నిలబడ్డాడు. అపూని తీసెయ్యమని హరి అడగలేదు, వాణ్ణి మనిషిగా రాయమన్నాడు. నోరిమ్మంటే నోరు మూసి చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. మన మొవ్వ మండలంలోదే కూచిపూడి. అక్కడి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలదీస్తుంది, పుట్టుకతో గొప్పేమిటని వాదిస్తుంది. అపూలాగా వెక్కిరింత కాదది, ఒప్పుకుంటాం. కానీ తరతరాలుగా ఆ గొల్లభామ వేషం కట్టింది బ్రాహ్మణ మగవాళ్ళు. రాసిందీ వాళ్ళే. గొల్లపడుచు తన నోటితో ఏమనేదో ఆ అరుగు మీద ఎవరూ వినలేదు. మంచిమాటైనా చెడ్డమాటైనా మన తరఫున వాళ్ళే పలకాలి.

ఇక సినిమాలు. కృష్ణా గుంటూరు పెద్దకులాల మాట హీరోకి. తెలంగాణ యాస రౌడీకి, శ్రీకాకుళం యాస పనివాడికి. ఏళ్ళ తరబడి ఇదే పంపకం. ఈ జిల్లావాళ్ళం కాబట్టి మన భాషే గొప్పదని మనమూ మురిసిపోతే మోసపోయినట్టే, ఆ గొప్పభాషలో పేట మాట లేదు. మన పిల్ల హాస్టల్లో "ఎల్లొత్తాను" అంటే గదంతా నవ్వుతుంది. కులం పేరెత్తి తిడితే 1989 చట్టం ఉంది. మాట పట్టుకుని నవ్వితే కేసు పెడదామన్నా సాక్షులు నవ్వినవాళ్ళే.

హరి సినిమా చూసి మన దేశంవాళ్ళు చాలామంది, అవును మమ్మల్నీ ఏడిపించారు అన్నారు. ఆ బాధ నిజం, దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ అదే అమెరికాలో కులవివక్షని పేరుపెట్టి నిషేధించాలని 2023లో కాలిఫోర్నియాలో బిల్లు వస్తే, మన దేశం నుంచి వెళ్ళిన హిందూ సంఘాలే కొన్ని అడ్డం తిరిగాయి. చట్టసభ ఒప్పుకున్నా అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటెల్ నగరం మాత్రం నిషేధించింది. తెల్లవాడు నవ్వితే జాతికి అవమానం, మనవాడు మనవాణ్ణి కులం అడిగితే అది ఇంటివిషయమా?

బడి వార్షికోత్సవాలొస్తే నాటికలుంటాయి. తాగుబోతు వేషానికీ పాలేరు వేషానికీ పేట మాటే పెడతారు, కలెక్టరు వేషానికి పెట్టరు. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి రిహార్సలు రోజునే వెళ్ళి కూర్చోండి. నాటిక రాసింది ఎవరని మాస్టార్ని మర్యాదగానే అడగండి. కలెక్టరు వేషం మన పిల్లకి ఇప్పించండి. ఆ పిల్లని తన మాటలోనే మాట్లాడనివ్వండి.