నెట్‌కు అవతలి మనుషులు

ఆటల కథ అనగానే హీరో జట్టు కప్పు ఎత్తే ఆఖరి దృశ్యం మన కళ్ల ముందు ముందే ఆడేస్తుంది. హరుయిచి ఫురుదాతే మాంగా ఆధారంగా ప్రొడక్షన్ ఐజీ తీసిన జపాన్ వాలీబాల్ యానిమే ‘హైక్యూ!!’ 2014 నుంచి 2020 దాకా నాలుగు సీజన్లు నడిచినా పాతబడలేదంటే, అవతలి జట్టు మీద కూడా అంతే ప్రేమ పెట్టడం వల్లే. సహజ ప్రతిభ ముందు తన శ్రమ చాలదేమోనని ప్రత్యర్థి ఆటగాడు ఓయికావా నలిగిపోవడం చూశాక, అతని ఓటమికి చప్పట్లు కొట్టడానికి చేతులు రావు. 2016 నాటి మూడో సీజన్ పది ఎపిసోడ్లూ షిరతొరిజావా జట్టుతో జరిగిన ఒక్క మ్యాచ్‌కే ఇచ్చారు. అయినా విసుగు పుట్టదు. ఆ జట్టు ఆటగాడు ఉషిజిమా స్పైక్‌ను ఆపిన ఆ ఒక్క బ్లాక్ కోసం హీరో జట్టులోని సుకిషిమా ఎంత ఓపిక పట్టాడో, ఎలా వల పన్నాడో మనకు విడమరిచి చూపించారు కనుక. లోపాలు లేవా? ఉన్నాయి. బంతి గాల్లో ఉండగానే ఫ్లాష్‌బ్యాకులు సాగదీస్తారు. అమ్మాయిలను ఎక్కువగా మేనేజర్లుగానో, గ్యాలరీలో కేకలు వేసేవాళ్లుగానో కూర్చోబెడతారు. నాలుగో సీజన్‌లో బొమ్మల నాణ్యత అక్కడక్కడా తడబడింది. నన్నడిగితే ఇవన్నీ క్షమించొచ్చు. 2024 సినిమాలో చూపిన తొందరను మాత్రం కాదు. మొదటి సీజన్ నుంచీ ఊరించిన, ప్రత్యర్థి జట్టు నెకోమాతో మ్యాచ్‌ను గంటన్నర లోపే ముగించేశారు. నెకోమా ఆటగాడు కెన్మా చూపులోంచి ఆటను చూపిన ఘట్టం అద్భుతమే, కానీ ఒక్క మ్యాచ్‌కు సీజనంతా ఇచ్చి మెప్పించినవాళ్లు అసలైన పోరుకు వచ్చేసరికి గడియారం చూసుకోవడం అభిమానులకు చేసిన అన్యాయమే.