ఎవరు వ్రాశారని అడగడం అవిశ్వాసం కాదు

"బైబిలును నాలుగో శతాబ్దంలో ఒక చక్రవర్తి మార్పించాడు." "సువార్తలు వ్రాసింది మత్తయి, మార్కు, లూకా, యోహాను కానే కాదు." "కొత్త అనువాదాల్లో వచనాలు తీసేస్తున్నారు." ఈ మూడింటిలో ఏదో ఒకటి చెవిన పడని క్రైస్తవ కుటుంబం నేడు విశాఖపట్నంలో అరుదు. వన్‌టౌన్‌లోని పాత సంఘాలైనా, గాజువాక, కూర్మన్నపాలెం వైపు కొత్త సంఘాలైనా, యౌవనస్థులు వీటిని ఫోనులో చూస్తున్నారు, వాట్సాప్‌లో అందుకుంటున్నారు. కొందరు ధైర్యం చేసి ఆదివారం కాపరిని అడుగుతున్నారు.

చాలాచోట్ల వారికి దొరికే జవాబులు రెండే. "అలాంటివి చూడకు, ప్రార్థన చేసుకో" అన్నది ఒకటి. "బైబిలులో ఒక్క అక్షరం మీద కూడా ఎవరికీ ఎన్నడూ సందేహం రాలేదు" అన్నది రెండోది. మొదటిది అడిగినదానికి జవాబు కాదు. రెండోది వాస్తవం కాదని ఆ బిడ్డ ఇంటికి వెళ్లి పది నిమిషాల్లో తెలుసుకుంటాడు. అప్పుడు అతనికి సందేహం ఒక వచనం మీద ఆగదు. ఆ కాపరి ఇంతవరకూ బోధించిన ప్రతిదాని మీదికీ పాకుతుంది. సంఘం బిడ్డలను పోగొట్టుకుంటున్నది ఇలాగే.

ప్రియ పాఠకులారా, ఈ వాదంలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయి ఉన్నాయి. ఈ గ్రంథాలను ఎవరు వ్రాశారు? వ్రాసినది వ్రాసినట్టు మనదాకా వచ్చిందా? వీటినే పరిశుద్ధ లేఖనాలుగా సంఘం ఎందుకు అంగీకరించింది? మూడింటినీ విడదీసి చూస్తే సగం భయం తగ్గుతుంది.

రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. దానికి మన ఊరితోనే సంబంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తు విశ్వాసంలోకి వచ్చిన ఆనందరాయర్ వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డి గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. వారి పని ఫలమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాటిని తమ కళ్లతో అచ్చులో చూసే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు. తర్వాత ఇదే ఊళ్లో ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగు చేశాడు. ఆ పిమ్మట జాన్ హే దశాబ్దాల పాటు ఇక్కడే ఉండి తెలుగు బైబిలు సవరణలో శ్రమించాడు.

మన చేతిలోని బైబిలు అట్ట మీద వీరి పేర్లేవీ ఉండవు. ఎవరెవరు పోల్చారో, దిద్దారో, ఏ పండితుడు ఏ మాట సూచించాడో మామూలు విశ్వాసికి తెలియదు. అయినా రెండు వందల ఏళ్లుగా ఆ వాక్యంతోనే మన తల్లిదండ్రులు బ్రతికారు, దానితోనే సమాధి అయ్యారు. వ్రాసినవారి పేరు తెలియకపోయినంత మాత్రాన గ్రంథం విలువ పోదని చెప్పడానికి మనకు దూరపు సాక్ష్యం అక్కరలేదు.

"వచనాలు తీసేశారు" అనే ఆరోపణకు కూడా జవాబు ఈ తెలుగు బైబిలులోనే దొరుకుతుంది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలును, మన తెలుగు బైబిలును పక్కపక్కన పెట్టి యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం 7, 8 వచనాలు చూడండి. పరలోకంలో సాక్ష్యమిచ్చే తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగులో ఉండవు. తెలుగువాళ్లు తీసేశారా? లేదు. ఆ మాటలు ప్రాచీన గ్రీకు ప్రతుల్లో లేవు. ఎరాస్మస్ 1516లోనూ, 1519లోనూ అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనల్లో కూడా లేవు. లాటిన్ బైబిలులో ఉన్నాయి కదా అన్న విమర్శలు వచ్చాక 1522 ముద్రణలో చేరాయి. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లాయి. పాత ప్రతులను అనుసరించి వాటిని వదిలివేయడం కుట్ర కాదు, చేర్పును చేర్పుగా గుర్తించడం. త్రిత్వ విశ్వాసం ఆ ఒక్క వచనం మీద నిలబడి లేదు. మత్తయి 28వ అధ్యాయంలోని బాప్తిస్మపు ఆజ్ఞ, కొరింథీయులకు రెండో పత్రిక చివరి ఆశీర్వాదం ఉండనే ఉన్నాయి.

మార్కు 16వ అధ్యాయంలో 9వ వచనం నుంచి చివరి వరకు, యోహాను 8వ అధ్యాయంలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతం కూడా ఇటువంటివే. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో ఇవి కనిపించవు. చాలా బైబిళ్లు ఈ సంగతిని అధోసూచికలోనే చెబుతున్నాయి. దాచిపెట్టే ఉద్దేశం ఉంటే అచ్చువేసి మరీ చెప్పరు కదా.

ఇంతకీ చక్రవర్తి మార్పించాడా? కాన్‌స్టంటైన్ కాలంలో నైసియా సభ జరిగింది 325లో. అరియస్ బోధ, ఈస్టరు తేదీ అక్కడి ముఖ్య చర్చలు. బైబిలు పుస్తకాల పట్టికను ఆ సభ నిర్ణయించలేదు. పౌలు పత్రికల పపైరస్ ప్రతి ఒకటి సుమారు 200 నాటిదని పండితులు లెక్కకడతారు. అంటే సభకు నూరేళ్లకు పైగా ముందటిది. కొత్త నిబంధనకు గ్రీకు చేతివ్రాత ప్రతులు 5,000కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మధ్యయుగాలవే. ప్రతుల మధ్య తేడాలు లక్షల సంఖ్యలో ఉన్న మాటా నిజమే. అయితే అందులో అధిక భాగం అక్షర దోషాలు, పదాలు ముందు వెనకలు కావడం. ఇన్ని దేశాల్లో చెదిరి ఉన్న ప్రతులన్నిటినీ ఒక్క రాజు ఒకేసారి మార్చడం జరిగే పని కాదు.

ఇక మొదటి ప్రశ్న. ఎవరు వ్రాశారు? ఈ అడగడం నేటి విమర్శకులతో మొదలుకాలేదు. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండో పత్రిక 2వ అధ్యాయంలో, తమ పేరుతో వచ్చినట్టున్న పత్రికను చూసి కలవరపడవద్దనే హెచ్చరిక ఉంది. అదే పత్రిక చివర స్వహస్తంతో వందనం వ్రాయడమే గుర్తు అని కనిపిస్తుంది. అపొస్తలుల కాలంలోనే ఇది నిజంగా వారు వ్రాసిందేనా అని చూసుకోవలసిన అవసరం ఉండేదన్నమాట. రోమీయులకు పత్రికను చేత్తో వ్రాసినవాడు తెర్తియు అని 16వ అధ్యాయమే చెబుతోంది. పేతురు మొదటి పత్రికలో సిల్వాను పేరు వస్తుంది. లూకా తన సువార్త తొలి వచనాల్లోనే తనకు ముందు అనేకులు వ్రాయపూనుకున్నారనీ, తాను అన్నిటినీ తరచి విచారించాననీ ఒప్పుకుంటాడు.

నాలుగు సువార్తల్లోనూ వ్రాసినవారి పేరు కథనంలో ఎక్కడా చెప్పబడలేదు. పేర్లు శీర్షికల్లో ఉన్నాయి. రెండో శతాబ్దపు చివరికి సంఘాలు ఆ నాలుగు పేర్లతోనే వాటిని ఎరిగి ఉన్నాయని ఐరేనియస్ రచనల వల్ల తెలుస్తుంది. హెబ్రీయులకు పత్రికలో పేరే లేదు. దాన్ని ఎవరు వ్రాశారో దేవునికే తెలుసునని మూడో శతాబ్దంలో ఓరిజెన్ అన్నాడు. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ భాషను, శైలిని పోల్చి, ప్రకటన గ్రంథాన్ని వ్రాసిన యోహాను సువార్త వ్రాసిన యోహాను కాడని వాదించాడు. అయినా ఆ గ్రంథాన్ని త్రోసివేయలేదు. వీరిద్దరూ సంఘానికి శత్రువులు కారు, ఉపదేశకులు.

పౌలు పేరుతో 13 పత్రికలున్నాయి. రోమా, కొరింథీ రెండు, గలతీ, ఫిలిప్పీ, థెస్సలొనీక మొదటిది, ఫిలేమోను, ఈ ఏడింటి విషయంలో పండితుల్లో దాదాపు ఎవరికీ అనుమానం లేదు. మిగిలిన ఆరింటిపై, ముఖ్యంగా తిమోతి, తీతు పత్రికలపై వాదం ఉంది. పదజాలం వేరు, సంఘ నిర్మాణం మరింత స్థిరపడినట్టుంది, శిష్యులు ఆయన పేరుతో వ్రాసి ఉంటారని ఒక పక్షం. వయసు, సందర్భం, లేఖకుడు మారితే శైలి మారదా, లూకాయో మరొకరో కలం పట్టి ఉండవచ్చునని మరో పక్షం. రెండు పక్షాల్లోనూ ప్రభువును ప్రేమించే విశ్వాసులున్నారు. ఈ మాట బాహాటంగా చెప్పడానికి మనం జంకనక్కరలేదు.

మూడో ప్రశ్నకు, అంటే ఎందుకు అంగీకరించారన్నదానికి, ఆదిమ సంఘం నడచిన తీరే జవాబు. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ప్రతి హీట్ నుంచి నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. అది ఉక్కును అవమానించడమని ఎవరూ అనరు. రెండో శతాబ్దం చివర అంతియొకయ బిషప్ సెరాపియోను అలాగే చేశాడు. పేతురు సువార్త అనే పుస్తకాన్ని చదువుకోవచ్చునని మొదట అనుమతించి, తర్వాత తెప్పించుకుని చదివి, బోధలో తేడా కనిపెట్టి హెచ్చరించాడు. పౌలు మీది ప్రేమతోనే ఆయన పేరిట కథ కల్పించానని ఒప్పుకున్న ఒక ఆసియా పెద్దను పదవి నుంచి తొలగించారని తెర్తుల్లియను వ్రాశాడు. మంచి ఉద్దేశంతో చేసిన కల్పనను కూడా సంఘం క్షమించి ఊరుకోలేదు.

నాలుగో శతాబ్దపు ఆరంభంలో యూసేబియస్ తన చరిత్రలో అందరూ ఒప్పుకున్నవి, కొందరు సందేహించేవి, త్రోసివేయదగినవి అని పుస్తకాలను విడివిడిగా పేర్కొన్నాడు. యాకోబు, యూదా, రెండో పేతురు, రెండు మూడు యోహాను పత్రికలు అప్పటికి సందేహించేవాటిలో ఉన్నాయి. నేడు మనకున్న 27 పుస్తకాల పట్టిక అత్తనాసియస్ 367లో వ్రాసిన లేఖలో కనిపిస్తుంది. సిరియాక్ సంఘాల ప్రాచీన పెషిట్టాలో 22 పుస్తకాలే ఉన్నాయి. కేరళ సిరియన్ క్రైస్తవులది ఆ సంప్రదాయమే. అంటే మన లేఖనాలు ఒక రాత్రి ఆకాశం నుంచి కట్టగట్టి దిగలేదు. సంఘాలు చదివి, ఆరాధనలో వాడి, అపొస్తలుల బోధతో సరిచూసి, తరాల పాటు పరిశీలించి అంగీకరించాయి. దేవుడు మనుష్యుల చేత వ్రాయించాడని నమ్మే మనకు, మనుష్యుల చేతనే పరీక్ష చేయించాడని నమ్మడం కష్టమెందుకు?

ఈ జాగ్రత్త నేడు మనకూ కావాలి. 1894లో నొటొవిచ్ అనే రచయిత యేసు భారతదేశానికి వచ్చాడని లద్దాఖ్‌లోని హెమిస్ మఠం పేరు చెప్పి పుస్తకం వేశాడు. మరుసటి ఏడు డగ్లస్ అనే ఆచార్యుడు ఆ మఠానికి వెళ్లి అడిగితే, అటువంటిదేమీ లేదని ప్రధాన లామా చెప్పాడు. ఆ కథ ఇంకా ఫోనుల్లో తిరుగుతూనే ఉంది. 2012లో హార్వర్డ్ నుంచి వెలువడిన "యేసు భార్య సువార్త" ముక్క 2016 నాటికి నకిలీదని తేలిపోయింది.

అయితే మనవైపు వారికీ ఒక మాట. అదే 2012లో మొదటి శతాబ్దపు మార్కు ప్రతి దొరికిందని కొందరు విశ్వాసులు వేదికల మీద ప్రకటించారు. 2018లో అచ్చయ్యాక చూస్తే అది రెండో శతాబ్దం చివరిదో, మూడో శతాబ్దపు మొదటిదో. 2020లో వాషింగ్టన్‌లోని బైబిలు మ్యూజియం తన దగ్గరున్న 16 మృతసముద్రపు చుట్టల ముక్కలూ నకిలీవని తానే వెల్లడించింది. విశ్వాసానికి అనుకూలంగా ఉందని పరీక్షించకుండా పంచుకుంటే అదీ అబద్ధ సాక్ష్యమే.

కాబట్టి సంఘాలు చేయవలసినది పెద్ద పనేమీ కాదు. సెరాంపూర్ సెనేట్ అనుబంధ కళాశాలల్లో బి.డి. చదివిన కాపరులకు ఇక్కడ చెప్పిన విషయాలు కొత్తవి కావు. పరీక్షల్లో వ్రాసి ఉత్తీర్ణులయ్యారు. వాటిని ప్రసంగపీఠం దగ్గరకు రానివ్వకపోవడమే లోటు. నెలకు ఒక్క సాయంత్రం యౌవనస్థుల కూడికలో ఈ ప్రశ్నలకు చోటివ్వండి. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టి చదివించండి, అధోసూచికలు చదివించండి. తెలియనిదానికి "తెలుసుకుని చెబుతాను" అనండి. దానివల్ల కాపరి గౌరవం తగ్గదు. తల్లిదండ్రులు కూడా అడిగిన బిడ్డను గద్దించవద్దు. వాడు ఇంకా మిమ్మల్నే అడుగుతున్నాడంటే మీ మీద నమ్మకం ఉన్నట్టే.

పౌలు చెప్పింది నిజమో కాదో చూడడానికి బెరయవారు దినదినం లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతోంది. వారిని గ్రంథం తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకుంది. మన బిడ్డల విషయంలోనూ అదే మెప్పు మన నోట రావాలి.