గుండె తిరిగి కొట్టుకున్న తరువాత



మా సంఘ సహోదరుడొకరు పొలం గట్టుమీద ఉన్నట్టుండి కుప్పకూలారు. పిలిస్తే పలుకు లేదు, ఊపిరి లేదు. కుమారుడు రొమ్ము మధ్యలో చేతులుంచి 108 వచ్చేవరకు నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్సువారు షాక్ ఇవ్వగా గుండె కొట్టుకుంది. గండం గడిచిందనుకున్నారు ఇంటివారు. కాని రెండవ రోజుకు కూడా ఆయన కళ్లు తెరవలేదు. "అప్పు పెరుగుతోంది, ఇంటికి తీసుకుపోదామా అయ్యగారూ?" అని భార్య నన్నడిగింది.

నేను ఆమెను వెంటబెట్టుకొని డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఓపికగా చెప్పారు: "గుండె ఆగితే కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతినసాగుతుంది. షాక్, అడ్రినలిన్ ఇంజెక్షన్, ఊపిరి గొట్టం గుండెను తిరిగి నడిపించడానికి. అది మొదటి పోరాటం. మెదడును కాపాడడం రెండవది. అందుకే వెంటిలేటరు పెట్టాం. బి.పి. పడిపోకుండా, జ్వరం రాకుండా, ఫిట్స్ రాకుండా చూస్తున్నాం. గుండె రక్తనాళం మూసుకుపోయిందేమో పరీక్షించాం."

ఒకప్పుడు ఇటువంటి రోగుల శరీరాన్ని 32 నుండి 34 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచేవారు. 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో, జ్వరం రాకుండా చూడడం కంటే 33 డిగ్రీలకు చల్లబరచడం వలన అధిక మేలు కనబడలేదు.

మరి కళ్లు ఎప్పుడు తెరుస్తారు? తొందరపడి తీర్పు చెప్పకూడదట. మత్తుమందుల ప్రభావం పోవాలి. కనీసం 72 గంటలు గడవాలి. ఆ తరువాత కూడా ఒక్క పరీక్షతో కాక, కంటిపాపలు, ఇ.ఇ.జి., స్కానింగు వంటివన్నీ కలిపి చూసి చెబుతారు.

ఆ కుటుంబం ఆగింది. ఆయన అయిదవ రోజున కళ్లు తెరిచారు. ఇప్పటికీ మరపు ఎక్కువ, త్వరగా అలసిపోతారు, చిన్నదానికే కోపం వస్తుంది. ఇంటివారు దీనిని మొండితనమనుకోక, జబ్బు మిగిల్చిన బలహీనతగా గ్రహించాలి. అందరూ ఇలా లేవరు. కొందరు ఎన్నటికీ మేల్కొనరు. ఆ మాట కూడా దాచకూడదు. అయితే చెప్పవలసిన సమయం రెండవ రోజు కాదు.

కనుక ఇటువంటి కష్టం వస్తే డాక్టరును ఈ రెండు సంగతులు అడగండి: "మత్తుమందు ఆపి ఎంతసేపయింది? ఏ రోజున నిర్ణయం చెప్పగలరు?" ప్రార్థిద్దాం, ఆ గడువు వరకు ఆగుదాం కూడా.

మరొక్క మాట. ఆ కుమారుడు నొక్కకపోతే పెద్ద వైద్యమేదీ అక్కరకు వచ్చేది కాదేమో. పెద్దవారికైతే నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు రెండంగుళాల లోతుకు నొక్కాలి. మీ ఇంట ఒక్కరైనా నేర్చుకోండి.

వచ్చే నెల మరల కలుసుకుందాం.