బెలూన్ల షాపులు పోయి పప్పు ఉప్పుల షాపులొస్తున్నాయ్.. అమెరికా శివారు ప్లాజాల్లో అసలేం జరుగుతోంది?

అమెరికాలో పెద్ద పెద్ద షాపులు వరుసగా మూతపడుతున్నాయి. 2023లో బెడ్ బాత్ అండ్ బియాండ్ దివాలా తీసింది. 2024 చివర్లో పార్టీ సిటీ చేతులెత్తేసింది. 2025లో కుట్టు సామాన్లు అమ్మే జోఆన్ కూడా దాదాపు 800 దుకాణాలకు తాళం వేసింది. దీంతో శివారు షాపింగ్ ప్లాజాల్లో పెద్ద పెద్ద హాళ్లు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు వాటిలో చాలా చోట్లకు కిరాణా వస్తోంది. అదీ మామూలు కిరాణా కాదు. ఒకవైపు చవక ధరల స్టోర్లు, మరోవైపు కొరియా, చైనా, ఇండియా సరుకులమ్మే స్టోర్లు.

కిరాణాయే ఎందుకు?

లెక్క సింపుల్. బెలూన్లు ఏడాదికోసారి కొంటారు. పాలు, కూరగాయలు వారం వారం కావాలి. వాటికోసం వచ్చినవాళ్లే పక్కనున్న సెలూన్‌కి, పిజ్జా షాపుకి వెళ్తారు. పెద్ద షాపు ఖాళీ అయితే అద్దె తగ్గించుకునే హక్కు చిన్న షాపులకు చాలా లీజుల్లో ఉంటుంది. అంటే ఒక్క హాలు ఖాళీగా ఉంటే ప్లాజా ఓనర్‌కి రెండు రకాలుగా నష్టమే. అందుకే కిరాణా వాళ్లు వస్తామంటే ఓనర్లు బేరానికి దిగొస్తున్నారు.

చవక స్టోర్లకు కలిసొచ్చిన కాలం

అమెరికాలో 2019 నుంచి 2023 మధ్య ఆహార ధరలు 25 శాతం పెరిగాయి. జనం చవక స్టోర్ల వైపు చూడటానికి ఇదే పెద్ద కారణం. 2028 చివరికల్లా 800 కొత్త స్టోర్లు తెస్తామని జర్మనీ కంపెనీ ఆల్డి 2024లో ప్రకటించింది. ఆల్డి స్టోర్ చిన్నది. సరుకులో 90 శాతానికి పైగా సొంత బ్రాండ్లే. సామాను అట్టపెట్టెల్లోనే పేర్చి ఉంటుంది. బండి కావాలంటే పావు డాలర్ నాణెం పెట్టాలి, తిరిగి పెట్టేస్తే నాణెం వెనక్కి వస్తుంది. బండ్లు ఏరడానికి మనిషి అక్కర్లేదు. ఇంత తక్కువ జాగా చాలు కాబట్టే పాత షాపుల హాళ్లు ఇలాంటి స్టోర్లకు సరిపోతాయి.

మనవాళ్లకు ఏంటి లింకు?

షికాగో డెవాన్ అవెన్యూలో 1974లో చిన్న దుకాణంగా మొదలైన పటేల్ బ్రదర్స్ ఇప్పుడు పలు రాష్ట్రాల్లో ఉంది. 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదలైన కొరియా స్టోర్ హెచ్ మార్ట్‌దీ అదే దారి. వలస కుటుంబాలు శివార్లకు మారాయి, స్టోర్లు వాళ్ల వెంటే వెళ్లాయి. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని సెన్సస్ డేటాపై జరిగిన విశ్లేషణ తేల్చింది. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి చోట్ల గోంగూర, సోనా మసూరి కోసం సిటీ దాకా పోనక్కర్లేదు.

అయితే ఓ మెలిక ఉంది

ఖాళీ హాలు కనిపించినంత మాత్రాన కిరాణా పెట్టేయలేరు. ప్లాజాలో ఇప్పటికే సూపర్ మార్కెట్ ఉంటే, రెండో కిరాణాకు చోటివ్వొద్దని లీజులోనే రాయించుకుంటుంది. కొన్ని సంస్థలు స్థలం అమ్మేసి పోతూ కూడా ఇలాంటి షరతు పెట్టి వెళ్తాయి. పైగా బట్టల షాపును కిరాణాగా మార్చాలంటే ఫ్రీజర్లు, అదనపు కరెంటు, డ్రైనేజీ అన్నీ కొత్తగా వేసుకోవాలి. ఆ ఖర్చు పెద్ద కంపెనీలు భరిస్తాయి.

అసలు దెబ్బ చిన్న దేశీ స్టోర్లకే. కుటుంబమంతా కలిసి నడిపే షాపు ఆ ఖర్చు పెట్టలేదు, రోడ్డవతల పెద్ద స్టోర్ వస్తే ధరలో పోటీ పడలేదు. కొనేవాళ్లకు మాత్రం ప్రస్తుతానికి చవక బేరమే. చిన్న షాపులు తట్టుకోలేక మూసేస్తే ఆ బేరం ఎన్నాళ్లుంటుందన్నదే ప్రశ్న.